అన్నీ 'నాశనము' కాదు: ఫిలింనగర్ వాడుక వెలుగులో కొన్ని ఆంగ్ల క్రియలు

ఆంగ్ల నిఘంటువులో 'డిస్ట్రాయ్' అను క్రియకు పర్యాయపదములు వెదకితే డిమాలిష్, రేజ్, ఎరేజ్, ఎరాడికేట్, ఆబ్లిటరేట్, అనైహిలేట్ అని పెద్ద పట్టిక కనబడుతుంది. అనువాదకులు తరచుగా వీటన్నిటికీ 'నాశనము చేయు' అని వ్రాసి ముందుకు సాగుతారు. దీనివలన అర్థము ఎంత మారునో ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. ఉదాహరణలను తెలుగు సినిమాకు నివాసమైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌ల నుండి తీసుకొన్నాము. అక్కడ కట్టుట ఎంత పనియో తీసివేయుట కూడా అంతే పని. ప్రతి క్రియను రెండు ప్రశ్నలు అడుగుదాము: తరువాత ఏమి మిగులుతుంది? పోయినది తిరిగి వచ్చునా?

1. కట్టినదానిని కూల్చుట

డిస్ట్రాయ్, డిమాలిష్ రెండూ లాటిను మాటలు. మొదటిదానిలో 'పేర్చు', రెండవదానిలో 'నిర్మించు' అను అర్థముగల ధాతువులున్నవి. ముందున్న ఉపసర్గ వాటిని తలక్రిందులు చేస్తుంది. 'రేజ్' అనగా నేలమట్టము చేయుట. అయితే స్టూడియోలో చిత్రీకరణ ముగిశాక సెట్‌ను 'డిస్మాంటిల్' చేస్తారు. చెక్క మరొక సెట్‌కు పనికివస్తుంది. "సెట్‌ను నాశనము చేశారు" అంటే ఏదో ప్రమాదము జరిగినట్లు వినబడుతుంది; 'విప్పివేశారు' అన్నదే సరి. జూబ్లీహిల్స్ కొండరాళ్ళ సంగతి వేరు. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసుగల ఆ గ్రానైటును ఇళ్ళకొరకు, దారులకొరకు పేల్చిన తరువాత తిరిగి పేర్చుట ఎవరితరము కాదు.

2. వ్రాసినదానిని తుడుచుట

'ఎరేజ్' అనగా గీకివేయుట. 'ఆబ్లిటరేట్'లో అక్షరము అను మాట దాగియున్నది. 'రూపుమాపు' దానికి దగ్గర. గ్రాఫిక్స్‌లో 'వైర్ రిమూవల్' అను పని కలదు. నటుని గాలిలో నిలిపిన తీగను బొమ్మలోనుండి తీసి, వెనుకనున్న దృశ్యముతో ఆ చోటు నింపుతారు. తీగ జాడ మిగలదు, ఇది ఎరేజ్. ఎడిటింగులో 'డిలీట్' అయిన సన్నివేశము అట్లు కాదు. అది దాచబడి, తరువాత విడిగా బయటికి రావచ్చును. సెన్సారు విషయములో 1952 సినిమాటోగ్రాఫ్ చట్టము వాడినది 'ఎక్సిషన్', అనగా కోసి తీయుట. భాగము పోతుంది, చిత్రము నిలుస్తుంది.

3. వేరు, శూన్యము

'ఎరాడికేట్' అనగా వేరుతో పెకలించుట. మన 'నిర్మూలించు' దానికి అచ్చముగా సరిపోతుంది. 'అనైహిలేట్' అనగా శూన్యము చేయుట, నామరూపాలు లేకుండా చేయుట. 'డెసిమేట్' మాత్రము ఈ వరుసలో చేరదు. మూలార్థములో అది పదిమందిలో ఒకని చంపుట.

4. నశించుట

సంస్కృతములో 'నశ్' ధాతువునకు కనబడకుండ పోవుట అని కూడా అర్థము. తొలినాటి తెలుగు చిత్రములకు ఇది తగిన మాట. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్‌ల మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ', హెచ్.ఎం. రెడ్డి టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూడ దొరకవు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకొంటుంది, దానంతటదే చివికి పొడి అవుతుంది. పాత ప్రింట్లను వెండికొరకు కరిగించుట కూడా జరిగేది. మొదటిది నశించుట, రెండవది నశింపజేయుట. రెంటికీ 'నాశనమైనవి' అంటే చేసినవాడు, కాపాడనివాడు ఇద్దరూ వాక్యములోనుండి తప్పుకొంటారు.

అయినను 'భక్త ప్రహ్లాద' నామరూపాలు లేకుండా పోలేదు. దాని విడుదల 1931 సెప్టెంబరు 15 అని చాలాకాలము చెప్పుకొన్నారు. పాత పత్రికల ఆధారముతో రెంటాల జయదేవ అది 1932 ఫిబ్రవరి 6 అని చూపారు. రీలు పోయినను అక్షరము మిగిలినది గనుకనే ఇది సాధ్యమైనది.

5. అనువాదకునికి

మత్తయి 5:17లో 1611 నాటి ఆంగ్ల బైబిలు 'డిస్ట్రాయ్' అన్నచోట పలు ఆధునిక అనువాదములు 'అబాలిష్' అంటున్నవి. గ్రీకులో ఉన్న ఆ క్రియయే 24:2లో దేవాలయపు రాళ్ళ విషయములో వస్తుంది. తెలుగు అనువాదకులు రాళ్ళకు 'పడద్రోయు' అని, ధర్మశాస్త్రమునకు 'కొట్టివేయు' అని వేరుచేశారు. రాయి పడుతుంది, శాసనము చెల్లకుండా పోతుంది. రెంటికీ 'నాశనము' అని వ్రాసియుంటే ఈ తేడా మనకు అందేది కాదు. కాబట్టి ఆ మాట వ్రాయుటకు ముందు పై రెండు ప్రశ్నలు అడుగుట మేలు.