లేని పిచ్చుకకూ లెక్కలో చోటు

నిజాం రాజ్యంలోని పక్షులపై పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931–32లో జరిపిన విస్తృతమైన సర్వే ఏ జాతి ఎక్కడ నివసిస్తుందో తెలిపింది గాని, వాటి సంఖ్య పెరుగుతున్నదో తరుగుతున్నదో తేల్చడానికి వేరే పద్ధతులు అవసరం. పక్షి ఎగిరిపోతుంది, ఆకుల చాటున దాగుతుంది, ఒక్కటే రెండుసార్లు కంటబడుతుంది. అందువల్ల శాస్త్రజ్ఞులు అన్నిటినీ లెక్కించే ప్రయత్నం చాలా అరుదుగా చేస్తారు. కొంత భాగాన్ని మాత్రమే, ఏటేటా ఒకే పద్ధతిలో లెక్కించి, ఆ అంకెలను పోల్చి చూస్తారు.

నీటిపక్షుల విషయంలో పని కొంత సులువు. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనలో హైదరాబాద్ పరిశీలకులు కూడా నగరం చుట్టుపక్కల చెరువుల దగ్గర పాల్గొంటారు. అమీన్‌పూర్ చెరువులాంటి చోట బాతుల గుంపు కనబడినప్పుడు, పరిశీలకుడు మొదట పది పక్షులను విడిగా లెక్కపెట్టి, ఆ పది నీటిమీద ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుని, అటువంటి మేరలు గుంపు మొత్తంలో ఎన్ని ఉన్నాయో చూసి అంచనా కడతాడు. పక్షులు దగ్గరగా కూడినచోట మేర చిన్నదవుతుంది, చెదిరినచోట పెద్దదవుతుంది. ఆ తేడాను పట్టుకోవడంలోనే అతని అనుభవం తెలుస్తుంది.

నేలమీద ఇంత సౌకర్యం లేదు. ఒకచోట నిలబడి నిర్ణీత సమయంలో కనబడినవాటినీ వినబడినవాటినీ రాసుకునేది బిందు గణన. ఒక దారి వెంట నడుస్తూ రాసుకునేది రేఖా గణన. రెండింటిలోనూ పక్షి ఎంత దూరంలో ఉందో కూడా నమోదు చేస్తే, దూరం పెరిగేకొద్దీ నమోదు ఎంతగా తగ్గుతున్నదో తెలుస్తుంది, దాన్నిబట్టి కళ్ళకు చిక్కని పక్షుల సంఖ్యను అంచనా వేయవచ్చు. ఉన్న పక్షి పరిశీలకుడికి చిక్కే అవకాశాన్ని గుర్తింపు సంభావ్యత అంటారు. హైదరాబాద్‌లోని బోరబండ వంటి కిక్కిరిసిన బస్తీలో ఈ భావన చాలా ముఖ్యం: మేడల మీదుగా తిరిగే గద్ద అందరికీ కనబడుతుంది, పెరటి చెట్టులో కూసే దర్జీపిట్ట గొంతు మాత్రం ఆటోల రొదలో మునిగిపోతుంది. రొద పెరిగిన ఏడాది ఆ పిట్ట తక్కువగా నమోదైతే, పిట్టలే తగ్గాయని తొందరపడి నిర్ణయించడం పెద్ద పొరపాటు.

సామాన్య పరిశీలకుల జాబితాలు నేడు ఈ శాస్త్రానికి ప్రధానమైన ఆధారం. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సంస్థ కలిసి 2002లో ప్రారంభించిన ఈబర్డ్ అనే ఆన్‌లైన్ జాబితాల వేదికలో, గుర్తించిన జాతులన్నిటినీ విడవకుండా రాసిన జాబితాకు విలువ ఎక్కువ, ఎందుకంటే అందులో లేని పేరు కూడా సమాచారమే అవుతుంది. వంద జాబితాల్లో ముప్ఫైటిలో పిచ్చుక ఉంటే దాని నమోదు శాతం 30. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ శాతం ఎటు సాగుతున్నదన్నదే ముఖ్యమైన ప్రశ్న. ఇటువంటి జాబితాల ఆధారంగా వెలువడిన 2020 నాటి భారత పక్షుల స్థితి నివేదిక, పిచ్చుకలు దేశం మొత్తంమీద ఇంచుమించు నిలకడగా ఉన్నాయనీ, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతున్నాయనీ తేల్చింది.

అయితే పరిశీలకులు సహజంగానే పక్షులు బాగా కనిపించే చెరువులకూ పార్కులకూ వెళతారు, కాబట్టి నగర చిత్రం అటువైపే ఒరుగుతుంది. ఈ లోపాన్ని సవరించేది అట్లాస్ పద్ధతి: ప్రాంతాన్ని సమాన గడులుగా విభజించి, ఏ గడికి వెళ్ళాలో పరిశీలకుడి ఇష్టానికి వదలకుండా ముందే నిర్ణయిస్తారు. 2015–2020 మధ్య కేరళ అంతటా స్వచ్ఛంద కార్యకర్తలు 1.1 కిలోమీటరు భుజం గల చిన్న గడుల్లో పావుగంట జాబితాలతో ఈ పని చేశారు. హైదరాబాద్‌లోనూ 2025లో పక్షి అట్లాస్ మొదలైంది. కేబీఆర్ పార్కుకు ఎంత శ్రద్ధతో వెళతారో, రైలుకట్ట పక్కనున్న ఇళ్ళ వరుసకూ అంతే శ్రద్ధతో వెళ్ళడం ఇందులో న్యాయమైన పని. ఉదయాన బోరబండ సందులో నిలబడిన పరిశీలకుడికి పావుగంటలో పావురాలూ కాకులూ తప్ప మరేవీ దొరకకపోయినా ఆ జాబితాను పంపవలసిందే. అది లేకపోతే ఐటీ కారిడార్ పక్కనున్న ఈ బస్తీలో పిచ్చుక ఎప్పుడు కనుమరుగైందో, మళ్ళీ ఎప్పుడు వచ్చిందో రేపటి పరిశోధకుడికి ఏ ఆధారమూ దొరకదు.