భూమి అయస్కాంత తోకలో ప్లాస్మా తరంగములు

దిక్సూచి ముల్లును త్రిప్పు భూ అయస్కాంత క్షేత్రము అంతరిక్షమున చాల దూరము వ్యాపించియున్నది. సూర్యుని నుండి వెలువడు సౌర పవనము సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో దీనిని తాకుచుండును. ఆ ఒత్తిడికి క్షేత్రము సూర్యుని వైపున భూ వ్యాసార్ధమునకు సుమారు పదిరెట్ల దూరమునకు అణగియుండును. రెండవ వైపున చంద్రుని కక్ష్యను దాటి తోకవలె సాగును.

ఈ తోక ఉత్తర భాగమున బలరేఖలు భూమి వైపునకును, దక్షిణ భాగమున భూమి నుండి ఆవలకును పోవును. రెంటి నడుమ ప్లాస్మా, అనగా ఎలక్ట్రానులును అయానులును విడివడియున్న వాయువు, పొరగా నుండును. ఈ పొర మిక్కిలి పలుచబడినపుడు ఎదురెదురు రేఖలు తెగి, క్రొత్త విధముగా అతుకుకొనును. దీనినే అయస్కాంత పునస్సంధానము అందురు. సాగదీసి విడిచిన ఉండేలు రబ్బరువలె క్రొత్త రేఖలు ముడుచుకొనుచు ప్లాస్మాను ఇరువైపులకు విసరును. అయస్కాంత శక్తి ఇట్లు కణముల వేగముగను, వేడిమిగను మారును. భూమి చుట్టును ఇట్టి క్రియ జరుగునని 1961లో జేమ్స్ డంజీ ప్రతిపాదించెను.

ఇచట ఒక చిక్కు కలదు. తీగలో ఎలక్ట్రానులు తాకిడులు పొందుటచే విద్యుత్ ప్రవాహమునకు నిరోధము కలుగును. అట్టిది ఏదో ఒకటి లేనిదే రేఖలు తెగజాలవు. కాని తోకలో ఘన సెంటీమీటరునకు ఒక కణమైనను ఉండుట అరుదు, తాకిడులు లేనట్లే. మరి రేఖలు తెగుటెట్లు? తాకిడుల పనిని తరంగములు చేయునని పలువురు తలచిరి.

ప్లాస్మాలో తరంగములు పెక్కు విధములు. కొన్ని బలరేఖల వెంట పయనించును. మెరుపుల వలన పుట్టిన ఇట్టివి రేడియో గ్రాహకములలో దిగజారు ఈలవలె వినబడుటచే వీనికి ఈల తరంగములని పేరు వచ్చినది. కొన్ని సాంద్రత హఠాత్తుగా మారు పొర అంచులందు పుట్టును. వడిగల ఎలక్ట్రాను ధారలు లాంగ్‌మ్యూర్ తరంగములను లేపును.

2015 మార్చిలో అమెరికా దేశపు నాసా సంస్థ నాలుగు ఉపగ్రహములను ఒకే రాకెట్టుపై పంపెను. ఒక్క ఉపగ్రహము చూచిన మార్పు కాలమును బట్టి వచ్చినదో, చోటును బట్టి వచ్చినదో చెప్పుట కష్టము. నాలుగు చోట్ల కొలిచినచో తెలియును. 2017 జూలై 11న ఇవి తోకలో పునస్సంధానము జరుగుచున్న చోటును దాటెను. ఎలక్ట్రాను ధారల వేగము సెకనుకు 15,000 కిలోమీటర్లకు చేరెను. సమీపమున కల్లోలమున్నను, ఎలక్ట్రానుల నడక చాలవరకు క్రమముగనే యుండెను. కావున ఆనాటి సంఘటనలో రేఖలు తెగుటకు ఎలక్ట్రానుల నడకయే ముఖ్యకారణము, కల్లోలము కాదు. అయినను విడుదలైన శక్తిని కణములకు పంచుటలో తరంగముల పాలు కలదు.

ఈ శక్తియే ధ్రువ కాంతులను వెలిగించును. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున అయస్కాంత తుపాను వలన విద్యుత్తు నిలిచిపోయెను. తోకలో జరుగు క్రియలను ఎరుగుట అందువలన భూమిపై నున్నవారికిని అవసరమే.