పన్ను కట్టేశాం, పుస్తకం తెచ్చుకుందాం

ఇంటిపన్ను లెక్క చివరిదాకా చూసేవాళ్లు తక్కువ. చూస్తే అందులో గ్రంథాలయ సెస్సు తగులుతుంది. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే సొమ్ము అది. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరుతోందా అన్నది వేరే గొడవ. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలనుకునేవాళ్లు వేలు పోసి యాప్ కొనేముందు తొక్కాల్సిన గడప మాత్రం ఊళ్లోని శాఖా గ్రంథాలయమే.

అక్కడా ఓ చిక్కుంది. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం సంగతి తెలిసిందే: పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు, అంతా పోటీపరీక్షల కుర్రకారే. చాలా ఊళ్లలోనూ ఇదే వరస. ఏడేళ్ల పిల్ల కథను పైకి చదివిందంటే పది తలలు ఇటు తిరుగుతాయి. కాబట్టి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుని, పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవడమే సుఖం. పిల్లల బీరువాకు తాళం వేసి ఉంటే తీయించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఇంటి చదువు చట్టానికి విరుద్ధమా? ఈ ప్రశ్నకు సూటి జవాబు లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్పించకపోతే వాళ్లకు శిక్ష మాత్రం రాయలేదు. ఆ సందులోనే మన దేశంలో హోమ్‌స్కూలింగ్ కుటుంబాలు నెట్టుకొస్తున్నాయి.

చిన్నపిల్లల విషయంలో తెలుగుకు పెద్ద లోటు లేదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా చదవచ్చు, దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. నాలుగు స్థాయిలుంటాయి: మొదటి దాంట్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే, నాలుగోదానికి వచ్చేసరికి పేజీ నిండా పేరాలు. ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివించవచ్చు. అయితే అనువాదాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని కథల్లో తెలుగు నోరు తిరగదు. పిల్లల చేతిలో పెట్టేముందు పెద్దవాళ్లు ఒకసారి పైకి చదువుకుంటే తెలిసిపోతుంది.

కాగితం పుస్తకమే కావాలంటే సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ ఉంది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి చిన్ననాటి బడి ముచ్చట్లు ‘రైలుబడి’గా తెలుగులో దొరుకుతున్నాయి. ఇంటి చదువు గురించి ఆలోచించే తల్లిదండ్రులు పిల్లలకంటే ముందు తామే చదవాల్సిన పుస్తకమది.

చదువంటే పుస్తకమే కాదనడానికి అరవింద్ గుప్తా ఉన్నారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, చెత్తతో సైన్సు బొమ్మలు చేయడమే జీవితంగా పెట్టుకున్న ఈయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్‌లో బొమ్మల తయారీ, వీడియోలు, అనేక భాషల పుస్తకాలు అన్నీ ఉచితం. ఒక్కటి చేసి చూడండి. సైకిల్ వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటితో అగ్గిపుల్లలను కలపాలి. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం. ఇప్పుడు మూలలు పట్టుకుని నొక్కితే చతురస్రం ఒక పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం కదలదు. రైలు వంతెన మీద, సెల్ టవర్ మీద అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పిల్లలకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఖర్చు పది రూపాయల లోపే.

కాస్త పెద్దవాళ్లకు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో పుట్టిన ఫెట్ సిమ్యులేషన్లు. తెరమీద బ్యాటరీ, వైరు, బల్బు కలుపుకుంటూ పోవడమే. బల్బు లేకుండా వైరును బ్యాటరీ రెండు కొసలకూ తగిలిస్తే మంటలు లేస్తాయి. ఇంట్లో ప్లగ్గు జోలికి పోకుండానే షార్ట్ సర్క్యూట్ అర్థమవుతుంది. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

అసలు కరువు పదేళ్లు దాటాక మొదలవుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు ఆసక్తిగా చదివే చరిత్ర, జీవశాస్త్రం పుస్తకాలు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఆ ఖాళీని ప్రస్తుతానికి పాఠ్యపుస్తకాలే పూడుస్తున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పుస్తకాలూ పీడీఎఫ్‌లుగా ఉచితం. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగుగా వచ్చిన ద్విభాషా పుస్తకాలు ఇంటి దగ్గర చెప్పుకునేవాళ్లకు మరీ అనుకూలం. పాఠంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే 2017లో కేంద్రం తెచ్చిన దీక్షా వేదికలోని వీడియో తెరుచుకుంటుంది.

సరే, సర్టిఫికెట్ మాటేమిటి? రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠాలు (ఓపెన్ స్కూళ్లు) ఉన్నాయి, జాతీయ స్థాయిలో అలాంటిదే ఎన్ఐఓఎస్ ఉంది. ఎన్ఐఓఎస్‌లో పద్నాలుగేళ్లు నిండితే బడి మెట్టు ఎక్కకపోయినా నేరుగా పదో తరగతికి చేరవచ్చు. చదవగలనని సొంత ధ్రువీకరణ ఇస్తే చాలు. తెలుగు మాధ్యమం ఉంది, పాఠాలు వెబ్‌సైట్‌లో ఉచితం. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు. ఈ ఏడాది రెండు సబ్జెక్టులు, వచ్చే ఏడాది మూడు అని పంచుకుని రాసుకోవచ్చు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి పరీక్షలు. సైన్సు తీసుకునేవాళ్లకు ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్‌లోనే చేయాలి గనుక, ఫీజు కట్టేముందు ఆ సెంటర్‌కు వెళ్లి ల్యాబు తలుపు తీయించి చూసుకోవడం మంచిది.