విచారించవలసిన అధికారి ఎవరు?

ఒక ఇంగ్లీషు ఉత్తర్వును తెలుగు చేసినప్పుడు 'విచారించవలసిన అధికారి' అనే మాట వచ్చినదనుకొందాము. ఆయన విచారణ జరుపవలసినవాడా, విచారణను ఎదుర్కొనవలసినవాడా? తెలుగు మాట రెండర్థాలకూ చెల్లుతుంది. ఇంగ్లీషు మూలంలో ఈ సందేహానికి తావు లేదు. 'హూ మస్ట్ ఎగ్జామిన్' అంటే విచారించేవాడు; 'హూ మస్ట్ బీ ఎగ్జామిన్డ్' అంటే విచారణకు లోనయ్యేవాడు.

ఇంగ్లీషులో ఈ నిర్మాణానికి ఒక క్రమమున్నది. ముందు నామవాచకం, తరువాత 'హూ', 'విచ్', 'దట్' వంటి సంబంధ సర్వనామం, ఆపై 'మస్ట్', 'మే', 'కెన్', 'షుడ్' వంటి సహాయక క్రియ, దాని వెంట ఏ మార్పూ లేని 'బీ', చివర ప్రధాన క్రియ యొక్క మూడవ రూపం. 'ది ఫారమ్ విచ్ మస్ట్ బీ ఫిల్డ్' అన్నది ఇందుకు ఉదాహరణ. విద్యార్థులు కొందరు 'బీ'ని విడిచి 'మస్ట్ ఫిల్డ్' అనీ, దానికి బదులు 'ఈజ్' చేర్చి 'మస్ట్ ఈజ్ ఫిల్డ్' అనీ వ్రాస్తారు. రెండూ దోషాలే.

తెలుగుకు ఇంత పరివారం అక్కరలేదు. 'పూర్తి చేయవలసిన ఫారం' అంటే చాలును. సంబంధ సర్వనామం, సహాయక క్రియ, కర్మణి ప్రయోగం ఒక్క విశేషణంలో ఇమిడిపోయినవి. ఫారం తనను తాను పూర్తి చేసుకొనదు గనుక అర్థానికి లోపం లేదు. 'పూర్తి చేయబడవలసిన ఫారం' అనడం వృథాశ్రమ. హిందీలో 'జో భరా జానా చాహియే' అన్నప్పుడు 'జో', 'జానా' రెండూ నిలుస్తాయి. ఆ మాటలను చూచి ప్రతి చోటా 'బడు' చేర్చే అనువాదం తెలుగు నుడికారానికి దూరమవుతుంది.

అయితే నామవాచకం మనిషిని తెలిపినప్పుడు జాగ్రత్త అవసరం. మనిషి పని చేయగలడు, పనికి లోనూ కాగలడు. అక్కడ 'విచారణ జరుపవలసిన అధికారి' అనో, 'విచారణను ఎదుర్కొనవలసిన అధికారి' అనో విడదీసి చెప్పాలి.

'మే' విషయంలో మరొక చిక్కున్నది. 'ది ఫీ విచ్ మే బీ రిఫండెడ్' అన్నచోట 'వచ్చు' అనే తెలుగు మాట విశేషణంగా మారదు. 'ఇవ్వవచ్చిన రుసుము' అని ఎవరూ అనరు. అందుచేత తొందరలో 'తిరిగి ఇవ్వవలసిన రుసుము' అని వ్రాస్తే అనుమతి కాస్తా విధిగా మారుతుంది. చదివిన పౌరుడు అది తన హక్కు అనుకొంటాడు. 'తిరిగి ఇవ్వడానికి వీలున్న రుసుము' అనడమే సరియైనది.

ఇది కేవలం వ్యాకరణ చర్చ కాదు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం తెలుగును పాలనలోకి తెచ్చినది. రాష్ట్రపతి ప్రాధికారంతో రాజపత్రంలో ప్రకటించిన కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషానువాదాలను, ఆయా భాషలలో ప్రామాణిక పాఠాలుగా పరిగణించాలని 1973 నాటి కేంద్ర చట్టం నిర్దేశించినది. అట్టి పాఠంలో ఒక్క విశేషణం తప్పినా ఒకరి బాధ్యత మరొకరి మీద పడవచ్చును. ఇంగ్లీషులోని 'బీ' ఎవరిని కాపాడుచున్నదో గ్రహించి, ఆ రక్షణను తెలుగు పాఠకునికి కూడ అందించడమే అనువాదకుని కర్తవ్యం.