ప్రవేశం దొరికింది, తోడు దొరకలేదు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో 'సుగ్గి' అంటే కోతల కాలం మాత్రమే కాదు, బతుకుదెరువు కోసం ఊరు విడిచి పోవడం కూడా. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆలూరు ప్రాంతాల నుంచి మాదిగ, మాల, బోయ, కురుబ కుటుంబాలు పత్తితీతకు, ఆ తరువాత మిరపకోతకు గుంటూరు వైపు కదులుతాయి. ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మాత్రం అరుగుల మీద మిగులుతారు. సరిగ్గా అదే కాలంలో ఆ ఇళ్ల నుంచి మొట్టమొదటిసారి కళాశాల గడప తొక్కిన పిల్లలు డిగ్రీ తొలి సెమిస్టర్ మధ్యలో ఉంటారు. తరగతిలో చెప్పేది అర్థం కాదు. ఎవరిని అడగాలో తెలియదు. అమ్మానాన్నలతో పాటు వాహనమెక్కితే నాలుగు డబ్బులైనా వస్తాయన్న ఆలోచన అప్పుడే మొదలవుతుంది. హాజరుపట్టీలో ఒక పేరుకు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులు పడతాయి. ఎందుకు రాలేదని కబురు పెట్టేవారుండరు.

ఇలా వెళ్లిపోయిన విద్యార్థిని మన దస్త్రాలు 'చదువు మానేసినవాడు' అని రాసుకుంటాయి. ఆ వాక్యంలో కర్త విద్యార్థే. అతణ్ణి నిలుపుకోలేకపోయిన సంస్థ అందులో ఎక్కడా కనిపించదు. కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి ఐదేళ్లలో 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు వైదొలిగారని 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వమే లోక్‌సభకు తెలిపింది. విద్యార్థులకు అవకాశాలు అనేకం ఉన్నాయి, వారే ఇతర సంస్థలకూ కోర్సులకూ మారుతున్నారన్నది ప్రభుత్వ వివరణ. అక్కడ కూడా కర్త విద్యార్థే. దేశంలో పేరున్న సంస్థల సంగతి కనీసం పార్లమెంటు దాకా వెళ్లింది. పత్తికొండ, ఆదోని, బద్వేలు, జమ్మలమడుగు డిగ్రీ కళాశాలల్లో తొలి ఏడాదే కనుమరుగయ్యే పిల్లల లెక్క ఏ సభ ముందుకూ రాదు.

గేటు దాకా వచ్చిన రాజ్యం

కళాశాల గేటు తెరిపించడానికి అణగారిన కులాలు చేసిన పోరాటం చిన్నది కాదు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం, విద్యాసంస్థల్లో రిజర్వేషన్లు, 2008 నుంచి అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, సుదీర్ఘ దండోరా ఉద్యమం తరువాత 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, ఆరున్నర, ఏడున్నర శాతాలుగా అమలులోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ, ఇవన్నీ ఆ పోరాట ఫలితాలే. సంస్థలూ వచ్చాయి. స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంగా 1972లో కర్నూలులో సిల్వర్ జూబ్లీ కళాశాల ఏర్పడింది. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, అదే ఏడాది ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వెలిశాయి. ఇడుపులపాయ ప్రవేశాల్లో ప్రభుత్వ పాఠశాల పిల్లల మార్కులకు వెనుకబాటు సూచికగా 4 శాతం కలిపే పద్ధతి పెట్టారు. పిల్లల మార్కులను వారు చదివిన బడితో కలిపి చూడాలన్న న్యాయబుద్ధి అందులో ఉంది.

అయితే ఈ న్యాయబుద్ధి గేటు దగ్గరే ఆగిపోతున్నది. ప్రవేశంనాడు గుర్తించిన వెనుకబాటు మరునాడు తరగతి గదిలో హఠాత్తుగా మాయమైనట్లు మనం ప్రవర్తిస్తున్నాం. ఫీజు చెల్లింపు కళాశాల ఖాతాకు సంబంధించిన విషయం. వసతి డబ్బు తిండికి సంబంధించిన విషయం. ఏ కోర్సు దేనికి దారి తీస్తుంది, ఇంటర్నల్ పరీక్షకు ఎలా సిద్ధపడాలి, ఒక సబ్జెక్టు తప్పితే ఏం చేయాలి, అధ్యాపకుని గది తలుపు ఎలా తట్టాలి? వీటికి జవాబు డబ్బుతో రాదు, మనిషి ద్వారా వస్తుంది.

తరతరాలుగా చదువుకున్న కులాల ఇళ్లలో ఆ మనిషి ముందే ఉంటాడు. బెంగళూరులో ఇంజనీరుగా ఉన్న మేనమామ, కళాశాలలో పనిచేసే చిన్నాన్న, రెండేళ్ల ముందు అదే పరీక్ష రాసిన అక్క. ఆ పిల్లలకు మెంటార్ అనే పేరు లేకుండానే నలుగురు మెంటార్లుంటారు. పొలం, ఇల్లు ఎలా వారసత్వంగా వస్తాయో ఈ తోడు కూడా అలాగే వస్తుంది. తరువాత దానికి మనం 'ప్రతిభ' అని పేరు పెడతాం. మాదిగవాడలో, సుగాలి తండాలో, దూదేకుల వీధిలో ఇంటర్ దాటిన మొదటి బిడ్డకు ఈ వారసత్వం లేదు. కొందరికి కులం ద్వారా అందుతున్నదాన్ని మిగిలినవారికి సంస్థ ద్వారా అందించడమే కళాశాల మార్గదర్శనం. అది దయ కాదు, సామాజిక న్యాయంలో మిగిలిపోయిన భాగం.

తెలిసిన విషయానికి తెలియని పేరు

2021-22 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. ఆంగ్లం కావాలన్నది దళిత బహుజన కుటుంబాల న్యాయమైన ఆకాంక్ష. దాన్ని కాదనే హక్కు తమ పిల్లలను ఆంగ్లంలో చదివించుకున్న వారికి అసలే లేదు. కానీ మాధ్యమం ఒక ఉత్తర్వుతో మారుతుంది, పిల్లల తలలోని భాష ఉత్తర్వుతో మారదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి దశాబ్దాల శ్రమతో ఇచ్చిన పారిభాషిక పదాలతో ఇంటర్ చదివిన పిల్ల, డిగ్రీలో ఒక్కసారిగా మూగదవుతుంది.

నా అనుభవమే చెబుతాను. నేను పాఠాలు చెప్పిన ఒక కళాశాలలో మొదటి సంవత్సరం తరగతిలో 'మొమెంటం' అంటే ఏమిటని అడిగాను. ఎవరూ లేవలేదు. తరగతి అయ్యాక పడమటి మండలాల నుంచి వచ్చిన ఒక అమ్మాయి వరండాలో ఆగి, 'సార్, ద్రవ్యవేగమంటే అదేనా సార్? అదైతే నాకొస్తాది' అంది. సూత్రం చెప్పింది, ప్రమాణం చెప్పింది, ఎడ్లబండితో ఉదాహరణ కూడా చెప్పింది. అంతకు వారం ముందే ఆమె పేరును నేను 'నెమ్మదిగా నేర్చుకునేవారి' జాబితాలో రాసి, సంతకం చేసి ఇచ్చి ఉన్నాను. ఆ జాబితాలోని పేర్లు మళ్లీ చదివినప్పుడు, పరీక్ష పెట్టకుండానే నేను వాళ్ల ఊళ్లనూ, వాడలనూ మూల్యాంకనం చేశానని అర్థమైంది. త్వరణం, అవకలనం, కిరణజన్య సంయోగక్రియ తెలిసిన పిల్లలను ఏమీ తెలియనివారిగా లెక్కగట్టిన చేతుల్లో నా చేయి కూడా ఉంది.

రిజిస్టరులో మార్గదర్శనం

కళాశాలల్లో మెంటారింగ్ అసలే లేదనడం సరికాదు. అది కాగితాల మీద పుష్కలంగా ఉంది. నాక్ మూల్యాంకనం ఒక్కో మెంటారుకు ఎందరు విద్యార్థులని అడిగింది. ముందున్నవారికీ నెమ్మదిగా నేర్చుకునేవారికీ విడిగా ఏమి చేశారనీ అడిగింది. పరిశీలన బృందం వస్తున్నదంటే రిజిస్టర్లు పుడతాయి. ఇరవై ముప్పై మంది పేర్లు, నెలకొక తేదీ, 'చర్చించడమైనది' అనే ఒకే వాక్యం, కింద విద్యార్థి సంతకం. ఇంజనీరింగ్‌లో 2018 నుంచి ఏఐసీటీఈ మూడు వారాల పరిచయ కార్యక్రమం పెట్టమంది. 2019లో యూజీసీ 'దీక్షారంభ్' పేరుతో ఇతర కోర్సులకూ అదే సూచించింది. చాలాచోట్ల అవి అతిథుల ప్రసంగాలతో, శాలువాలతో ముగుస్తున్నాయి.

యూజీసీ 2012 సమత్వ నిబంధనలు మరింత దూరం వెళ్లాయి. తరగతిలో విద్యార్థుల కులాన్ని ప్రకటించడాన్ని, రిజర్వేషన్ విద్యార్థులని ముద్ర వేయడాన్ని, అధ్యాపకుణ్ణి కలుసుకునే సమయంలో తేడా చూపడాన్ని వివక్షగా పేర్కొన్నాయి. ఈ చివరి మాట చాలా విలువైనది. ఒక విద్యార్థికి స్టాఫ్‌రూములో కుర్చీ, మరొకరికి గుమ్మం బయట నిరీక్షణ అయితే అది కూడా వివక్షే. ఎయిమ్స్‌లో పరిస్థితిని పరిశీలించిన థోరట్ కమిటీ 2007లో చెప్పిందీ ఇదే: ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో అత్యధికులు తమకు అధ్యాపకుల నుంచి తగిన తోడ్పాటు అందలేదన్నారు. తిట్టడం ఒక్కటే కుల వివక్ష కాదు, పట్టించుకోకపోవడం కూడా దానికొక రూపమే.

తక్కువ పాఠం కాదు, మంచి జట్టు

మరి ప్రత్యేక తరగతులు పెట్టడం లేదా అని అడుగుతారు. పెడుతున్నారు. కాలేజీ వదిలాక, బస్సు పోయే వేళకు, అదే పాఠాన్ని మరింత పలుచన చేసి చెప్పే తరగతులవి. వాటికి వెళ్లడమంటే తాను తక్కువవాడినని నలుగురి ముందు ఒప్పుకోవడం. అందుకే పిల్లలు పోరు.

దీనికి వేరే దారి ఉందని 1970లలోనే బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్మన్ చూపించారు. అక్కడ నల్లజాతి విద్యార్థులు కలన గణితంలో ఎక్కువగా తప్పుతుండేవారు. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అని అధ్యాపకులు కారణాలు చెప్పారు. ట్రైస్మన్ ఆ పిల్లల వెంట ఉండి గమనిస్తే తేలింది వేరు. వాళ్లు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా మూలాలున్న విద్యార్థులు తమ పని చేసుకుని సాయంత్రం గుంపుగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన నల్లజాతి పిల్లలకు తేలిక పాఠాలు చెప్పలేదు. మరింత కఠినమైన లెక్కలిచ్చి కలిసి సాధించమన్నారు. ఫలితాలు మారిపోయాయి. మార్చవలసింది పిల్లలను కాదు, వాళ్ల ఒంటరితనాన్ని.

ఒంటరిగా గెలిచినవారు మన దగ్గరా ఉన్నారు. కర్నూలు పక్కనున్న పెదపాడులో 1921లో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య అనంతపురం దత్తమండల కళాశాలలో, ఆపై మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనను చూపించి 'తపన ఉంటే ఎవరైనా ఎదగవచ్చు' అనడం మనకు అలవాటు. కానీ చదువు పూర్తి చేయాలంటే ప్రతి దళిత బిడ్డా సంజీవయ్య అంత అసాధారణుడు కావలసిందేనా? మామూలు తెలివితేటలున్న అగ్రకుల పిల్లవాడు మామూలుగా పట్టభద్రుడవుతున్నాడు. అంతే మామూలుగా మాదిగ పిల్లవాడు కూడా కాగలిగిన రోజునే సమానత్వం వచ్చినట్లు.

చేయవలసిన పనులు

ఇవి అసాధ్యమైనవి కావు. మొదటిది, తొలి నూరు రోజులను కీలకంగా గుర్తించి ప్రతి సబ్జెక్టులో తెలుగు, ఆంగ్ల పారిభాషిక పదాలను పక్కపక్కన పెట్టి బోధించాలి. ప్రశ్న తెలుగులో అడిగే హక్కు విద్యార్థికి ఉండాలి. రెండోది, 'నెమ్మదిగా నేర్చుకునేవారి' జాబితాలను రద్దు చేసి, అన్ని కులాల పిల్లలూ కలిసి కఠినమైన లెక్కలు సాధించే చిన్న జట్లను టైంటేబుల్‌లోనే, బస్సు వేళకు ముందే ఏర్పాటు చేయాలి. మూడోది, అదే మండలాల నుంచి వచ్చిన సీనియర్లను గౌరవ వేతనంతో తోడుగా నియమించాలి. పేద విద్యార్థి సేవను ఉచితంగా అడగకూడదు.

నాలుగోది సుగ్గికి సంబంధించినది. వలస కుటుంబాల బడిపిల్లలకు ఈ జిల్లాలో సీజనల్ హాస్టళ్లు నడిచాయి. పదో తరగతి దాటగానే వలస ఆగిపోతుందా? డిగ్రీ పిల్లలకు కూడా ఆ నెలల్లో హాస్టల్ వసతి, రాత్రి చదువుకునే గది, వారానికి రెండు రోజులైనా వచ్చే ట్యూటరు ఉండాలి. వారం రోజులు రాని విద్యార్థి ఇంటికి ఫోను వెళ్లాలి. ఐదోది, తొలి సెమిస్టర్ ఫలితాలను, హాజరును కులాలవారీగా, స్త్రీ పురుషులవారీగా, పేర్లు లేకుండా ప్రతి కళాశాల ప్రకటించాలి. లెక్కించని నష్టానికి ఎవరూ జవాబు చెప్పరు.

ఖాళీ పోస్టులతో, అతిథి అధ్యాపకులతో నడిచే కళాశాలల్లో ఇదంతా ఎవరు చేస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. ఏడాదికోసారి కొలువు పోతుందేమోనని భయపడే అధ్యాపకుడు ఇతరులకు భరోసా ఇవ్వలేడు. కాబట్టి శాశ్వత నియామకాల డిమాండు కూడా సామాజిక న్యాయ డిమాండే. కానీ నియామకాలు వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. ఆ అమ్మాయి వరండాలో నా కోసం ఆగింది కాబట్టి ఆమెకు ఏమి వచ్చో నాకు తెలిసింది. ఆగలేక వెళ్లిపోయినవారు ఎందరో తెలియదు. ఇక మీదట ఆగవలసింది మనం. ఇంటికి తాళం వేసి సుగ్గికి వెళ్లే తల్లి, తన బిడ్డను మన చేతుల్లో పెట్టి వెళ్తున్నాననే నమ్మకంతో వెళ్లగలగాలి.