గంట గోపురంపై డేగ పిల్లలకు బారసాల

మన ఇళ్లలో బిడ్డ పుట్టిన పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో బారసాల జరిపి పేరు పెట్టడం ఆనవాయితీ. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో, గంట గోపురంపై పుట్టిన డేగ పిల్లలకు సైతం దాదాపు అదే వయసులో కాలికి కడియం తొడిగి, పేరు పెడుతూ వచ్చారు. చూసేవారికి ఇది వేడుకే. అయితే అంతరించే దశకు చేరిన ఒక జాతి తిరిగి కోలుకున్న వైనం దీని వెనుక దాగి ఉంది.

గోపురమే కొండ

ఈ పక్షి భైరి డేగ. వేటకు దూకే సమయంలో దీని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. పుల్లలతో గూడు అల్లుకోదు. కొండచరియల అంచుల్లో గుడ్లు పెడుతుంది. నగరాల్లో ఎత్తైన కట్టడాలే దానికి కొండలు, పావురాలే ఆహారం. 307 అడుగుల ఎత్తున్న బర్క్‌లీ గోపురంపై అనీ, గ్రిన్నెల్ అనే జంట 2017లో పిల్లలను పొదిగింది.

మూడు వారాలకే ఎందుకు?

ఆ వయసుకు పిల్ల కాలు పెద్ద పక్షి కాలంత లావుకు చేరుతుంది. కనుక కడియం తరువాత బిగుసుకుపోదు, జారిపోదు. ఇంకా ఆలస్యమైతే మనిషిని చూసి బెదిరిన పిల్ల రెక్కలు రాకుండానే కిందికి దూకే ప్రమాదముంది. సుమారు నలభై రోజులకు అవి ఎగురుతాయి. ఆడ పిల్ల కాలు లావు కావడంతో పెద్ద కడియం వేస్తారు. తల్లిదండ్రి డేగలు గోళ్లతో మీదపడతాయి కాబట్టి నిపుణులు తలకు రక్షణ కవచం ధరిస్తారు.

ఒక కడియంపై ప్రభుత్వం కేటాయించిన సంఖ్య ఉంటుంది. రెండో కాలి కడియంపై ఉండే పెద్ద అక్షరాలను దూరదర్శినితో చదవవచ్చు.

కడియం చెప్పిన కబురు

2018లో పుట్టిన లారెన్షియం అనే ఆడ డేగ తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఆల్కట్రాజ్ దీవిలో గూడు పెట్టింది. ఒకనాటి కారాగారంపై కాపురమున్న పక్షి బర్క్‌లీ ఆడపడుచేనని తేల్చింది దాని కాలి కడియమే. అన్నీ శుభవార్తలే కావు. 2017లో పుట్టిన లక్స్ ఎగరడం నేర్చిన కొద్ది రోజులకే భవనం అద్దానికి ఢీకొని మరణించింది. 2022 మార్చి 31న గ్రిన్నెల్ కూడా బర్క్‌లీ పట్టణంలో మృతి చెందింది.

పేర్లలో చరిత్ర

పేర్లను ప్రజలే సూచించి, ఓటు వేసి ఎంపిక చేస్తారు. 2018 నాటి ముగ్గురు పిల్లలకు బెర్కీలియం, కాలిఫోర్నియం, లారెన్షియం అని అక్కడే కనుగొన్న మూలకాల పేర్లు పెట్టారు. 2019లో కార్సన్, కేడ్ అన్న పేర్లు ఖరారయ్యాయి. పురుగుమందుల ముప్పును 1962లో గ్రంథస్థం చేసిన రచయిత్రి రేచల్ కార్సన్. డేగలను పెంచి తిరిగి ప్రకృతిలోకి వదిలిన శాస్త్రవేత్త టామ్ కేడ్.

డి.డి.టి. అవశేషాలు చిన్న పక్షుల ద్వారా డేగ శరీరానికి చేరాయి. గుడ్ల పెంకులు పలుచబడి, పొదిగే తల్లి బరువుకే చితికిపోయాయి. 1970 నాటికి కాలిఫోర్నియాలో గుడ్లు పెట్టే జంటలు రెండే కనిపించాయి. 1972లో అమెరికా డి.డి.టి.ని నిషేధించింది. 1999లో ఈ డేగను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తొలగించింది. కోలుకుంటున్న తీరును లెక్కగట్టడానికి కడియాలు ఎంతగానో తోడ్పడ్డాయి.

మనకూ సంబంధమే

భైరి డేగ శీతాకాలంలో మన చెరువులు, తీరప్రాంతాలకూ వలస వస్తుంది. మన దేశంలో సేద్యానికి డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించారు. వలస పక్షులకు ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కడియాలు వేస్తోంది. పొలంలోనో, చెరువుగట్టునో కడియమున్న పక్షి కనిపిస్తే దానిని పట్టవద్దు, కడియం ఊడదీయవద్దు. సంఖ్యను, చోటును, తేదీని రాసుకుని అటవీ సిబ్బందికి తెలిపితే చాలు. ఆ ఒక్క సంఖ్యతో పక్షికి కడియం ఎక్కడ వేశారో తెలుస్తుంది.