నిద్రకు ముందు నిశ్వాసము

పగలెల్ల పనులలో అలసిన దేహము శయ్యపై వాలినను, మనస్సు మాత్రము రేపటి చింతలను నెమరువేయుచు మేలుకొనియే యుండుట నేడు అనేకులకు నిత్యానుభవము. ఇట్టివారికి నేను మనసార సూచింపదలచినది, బౌద్ధుల పాలి గ్రంథమగు మజ్ఝిమనికాయములోని 118వ సుత్తము బోధించు ఆనాపానసతి. వచ్చుచు పోవుచున్న ఊపిరిని ఎరుకతో గమనించుటయే ఇందలి సాధన. బిగబట్టుట గాని, లెక్కపెట్టి సాగదీయుట గాని లేదు గనుక ప్రాణాయామముకన్న ఇది భిన్నము. సత్యనారాయణ గోయెంకాగారి పదిదినముల విపశ్యన ధ్యాన శిబిరములలో, హైదరాబాదు చెంత నాగార్జునసాగరు మార్గముననున్న ధమ్మఖేత్త ధ్యానకేంద్రమునందును, సాధకులు తొలి మూడు దినములు నాసికాద్వారమున ఊపిరి స్పర్శనే కనిపెట్టియుందురు.

ఈ సాధన నిద్రకు తోడ్పడు తీరు ఇట్టిది. ఉచ్ఛ్వాసమున గుండె వేగము కొంత హెచ్చి, నిశ్వాసమున, గుండెను నెమ్మదింపజేయు వేగస్ నాడి ప్రభావముచే తగ్గుట దేహధర్మము. గమనింపబడిన ఊపిరి తనంతట మందగించి, నిశ్వాసము దీర్ఘమగుకొలది, కండరముల బిగువు సడలి, దేహము విశ్రాంతికి అనుకూలించును.

దీపమార్పి, వెల్లకిల పరుండి, మనస్సు పరుగిడిన ప్రతిపర్యాయము దానిని గద్దింపక, మరల ఊపిరియొద్దకు తెచ్చుకొనవలెను. నిద్ర వచ్చినదా యని మాటిమాటికి పరీక్షించుకొనుట తగదు. ఆ ఆత్రమే నిద్రకు పరమశత్రువు. గురకపెట్టుచు నడుమ ఊపిరాగి ఉలికిపడి లేచువారు మాత్రము ఈ సాధననే నమ్ముకొనక, వైద్యుని తప్పక సంప్రదింపవలెను.